మత్తు తుపాకీ గురి: దూరం, వాలు లెక్క

చంద్రపూర్, బల్లార్షాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు పెద్దపులి కబురు కొత్త కాదు. తాడోబా అడవి దాటి పులి ఊరి దగ్గరకు వస్తే, అటవీశాఖ పశువైద్యుడు మత్తు తుపాకీతో వస్తారు. చుట్టూ చేరిన మనం "ఇంకా కొట్టరేం?" అంటాం. ఆ ఆలస్యానికి కారణం ఉంది.

మత్తు సూది తూటాకంటే చాలా నెమ్మదిగా, వంపు తిరిగి వెళ్తుంది. అందుకే ముందు దూరం కొలిచి, దానికి తగ్గట్టు గ్యాస్ ఒత్తిడి పెడతారు. ఒత్తిడి తక్కువైతే సూది మధ్యలోనే పడిపోతుంది. ఎక్కువైతే కండను చీల్చి ఎముకనూ విరగ్గొట్టగలదు. గురి తొడ లేదా భుజం కండ మీదే పెడతారు.

మంచె మీది నుంచి కొట్టాలంటే మరో లెక్క. పులి 45 డిగ్రీల వాలులో 30 మీటర్ల కింద ఉంటే, నేల మీద కొలిచే అడ్డ దూరం సుమారు 21 మీటర్లే. సూది ఎంత కిందికి జారుతుందో ముఖ్యంగా ఈ దూరాన్ని బట్టే ఉంటుంది. 30కి గురి పెడితే సూది పులి వీపు మీదుగా పోతుంది. కింది నుంచి పైకి కొట్టినా గురి పైకే తప్పుతుంది.

మనం అరిస్తే పులి కదులుతుంది, కొలిచిన దూరం తప్పుతుంది. సూది తగిలాక కూడా మత్తు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతవరకు దూరంగా, చప్పుడు చేయకుండా ఉందాం. అది మనకూ పులికీ మంచిది.