ఫుట్‌పాత్ కాపురాలు

1981 జూలై 13న, నడి వానాకాలంలో, మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే ఒక ప్రకటన చేశారు. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద కాపురముంటున్న వాళ్లందరినీ ఖాళీ చేయించి సొంత ఊళ్లకో, నగరం అవతలికో పంపేస్తామన్నారు. పదో రోజున వెస్ట్రన్ ఎక్స్‌ప్రెస్ హైవే పక్కన ఒక గుడిసె కూల్చి, అందులోని కుటుంబాన్ని సేలం బస్సెక్కించారు. ఆ ఇంటాయన 1961లో పని వెతుక్కుంటూ వచ్చిన భూమిలేని కూలీ. దహిసర్‌లో ఒక కెమికల్ కంపెనీలో రోజుకు 23 రూపాయలు వచ్చేవి. ప్లాస్టిక్ పట్టాలూ కాన్వాసూ కప్పిన ఆ కాస్త జాగాకు బస్తీ దాదా ఆయన దగ్గర 2,500 రూపాయలు గుంజాడు. అంటే వంద రోజుల కూలికి పైమాటే. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు ఊరికే ఉంటున్నారనేవాళ్లు ఈ లెక్క చూడాలి. భార్యా ముగ్గురు కూతుళ్లూ సేలంలో ఆగిపోయారు. ఆయన మాత్రం పని కోసం తిరిగొచ్చి మళ్లీ ఫుట్‌పాత్ మీదే చేరాడు. సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కిన సంగతులివి.

ఆయన తిరిగి రావడంలో వింతేమీ లేదు. బొంబాయి మొదటినుంచీ కూలీలను రమ్మంది, వాళ్లు తలదాచుకునే చోటు మాత్రం తన బాధ్యత కాదనుకుంది. నిజాం ఇలాకా నుంచి వెళ్లి ఆ నగరాన్ని కట్టిన కూలీల్లో మన తెలుగు కామాటీలూ ఉన్నారు. కామాటిపుర వాళ్ల పేటే. 1896లో ప్లేగు వచ్చాక, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు పేటలను పడగొట్టించారు. తొలి రెండు దశాబ్దాల్లో అది కట్టిన గదులకన్నా కూల్చినవే ఎక్కువ. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్ వంటి చోట్ల కూలీల కోసం బీడీడీ చాళ్లనే 207 గదుల భవనాలు లేపింది. కుటుంబానికి ఒక్క గది. 1947 చట్టం అద్దెలను కట్టిపడేశాక, పేదలకు అద్దె గదులు కట్టే ప్రైవేటు ఆసాములూ తగ్గిపోయారు. మిల్లుకో గోదాముకో నడిచి వెళ్లగలిగే దూరంలో కూలీకి మిగిలింది ఫుట్‌పాతే.

నడిచేవాళ్ల దారి మీద కాపురమేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ సేలం కూలీ కూడా పిటిషనరుగా ఉన్న ఓల్గా టెల్లిస్ కేసులో 1985 జూలై 10న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఒప్పుకుంది కూడా. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ తేల్చారు. అదే కలంతో తొలగింపు అధికారాన్నీ సమర్థించారు. వానలు వెళ్లాక, అక్టోబరు 31 దాటాక గుడిసెలు తీసేయొచ్చు. 1976లో గుడిసెల లెక్క తీసినప్పుడు కార్డులు పొందినవాళ్లకు మాత్రం వేరే స్థలం చూపాలి. లా కాలేజీల్లో దీన్ని గొప్ప విజయంగా చెబుతారు. గెలిచినవాళ్లకు దక్కింది మూడున్నర నెలల గడువు.

చోటిస్తే ఇంకా జనం వచ్చిపడతారన్నది రెండో అభ్యంతరం. ఇది నిలవదు. జనాన్ని రప్పించేది కూలి, గుడిసె కాదు. అదే కేసులో సంగమ్‌నేర్ నుంచి వచ్చిన మరొకాయన గుడిసెను 1980 జనవరిలో కూల్చారు. ఆయన మళ్లీ వేసుకున్నాడు. పడగొట్టడం, మళ్లీ లేవడం ఏళ్ల తరబడి సాగిన తంతే. 1985లో స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ బొంబాయిలోని బైకుల్లా పరిసరాల్లో ఫుట్‌పాత్ కుటుంబాల లెక్క తీస్తే, వాళ్లలో చాలామంది ఏళ్లుగా అక్కడే పాతుకుపోయినవాళ్లని తేలింది. తరువాత పునరావాస పథకాల్లో వాళ్లకూ హక్కు వచ్చింది. తరిమివేతలు సాధించలేనిదాన్ని కొంతవరకైనా సాధించింది ఆ హక్కే.

2013లో వచ్చిన జాతీయ పథకం, నగరాల్లో ఇల్లు లేనివాళ్ల కోసం లక్ష జనాభాకు ఒక శాశ్వత షెల్టరు ఉండాలంది. రైల్వే స్టేషన్లూ మార్కెట్లూ ఉన్నచోటికి దగ్గరగా ఉండాలనీ చెప్పింది. హైదరాబాదు, విజయవాడ మున్సిపల్ అధికారులు ఆ షెల్టరుకు జాగా వెతికేటప్పుడు, ఖాళీ స్థలం ఎక్కడుందన్నదానికన్నా ముందు కూలీల అడ్డా ఎక్కడుందో చూడాలి.