బందరు పలంపూరు

బందరు దగ్గరి మా పెడనలో ఏ కార్ఖానాకు వెళ్లినా బల్ల మీద ఒక చెట్టు పరిచి ఉంటుంది. అడుగున గుట్ట, దాని మీంచి మెలికలు తిరుగుతూ లేచిన కాండం, కొమ్మకో జాతి పువ్వు. ఎగ్జిబిషన్ స్టాళ్లలో దాన్ని ప్రాచీన కల్పవృక్షమని చెప్పి అమ్ముతారు. అచ్చులు కొట్టే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ చెట్టులో సగం లండన్ ఆర్డరే.

డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరు చేరారు. మొదట్లో మన బట్ట తూర్పు దీవులకు పోయి లవంగాలు, జాజికాయలు తెచ్చేది. మంచం మీద పరిచే దుప్పట్ల మీద యూరప్‌కు మోజు తర్వాత పుట్టింది. 1643లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరతులో ఉన్న తమవాళ్లకు రాశారు: మీరు పంపే బొంతలు ఎర్ర గ్రౌండుతో ఉంటున్నాయి, ఇక్కడ నచ్చడం లేదు, తెలుపు ఎక్కువుంచి మధ్యలో పువ్వులూ కొమ్మలూ వేయించండి అని. తర్వాత్తర్వాత నమూనాలే ఓడలెక్కి వచ్చాయి. మన తీరంలో వేసిన పలంపూరు దుప్పట్లూ ఆ దారినే నడిచాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆర్డరు లేని పని ఎక్కడుంది?

రంగు మాత్రం అచ్చంగా ఇక్కడిదే. బట్టను కరక్కాయ నీళ్లూ గేదెపాలూ కలిపిన దాంట్లో ముంచి ఎండేస్తారు. పాలలో కొవ్వు లేకపోతే గీత పాకిపోతుంది. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు తగలగానే కరక్కాయ పట్టిన బట్ట అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు అంత తొందరగా బయటపడదు. దానికి గీసేది పటిక నీళ్లతో. చిరువేరు మరిగే కాగులో బట్ట పడ్డాకే పటిక తగిలిన చోటల్లా ఎర్రబారుతుంది. తక్కిన చోట్ల అంటిన మరకను పేడనీళ్లలో నానబెట్టి, కాలవలో జాడించి, ఎండలో పరిచి పోగొట్టాలి. "ఎరుపును నీడలో చూసి మెచ్చుకోకే" అనేవాడు తాత. సముద్రపు గుల్లల సున్నం కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరుకు చిక్కటి ఎరుపు వస్తుంది. ఇప్పుడు ఆ వేరు తవ్వేవాళ్లు తక్కువ, అలిజరిన్ డబ్బాలే దిక్కు.

ఆ రంగు ఉతికినా పోకపోవడం యూరప్ నేతగాళ్లకు గొంతులో ముల్లయింది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లో, మళ్లీ ఇంకా గట్టిగా 1721లో ఈ బట్టకు అడ్డం పడ్డాయి. మోజు చావలేదు, సరుకు దొంగదారి పట్టింది. నటుడు డేవిడ్ గారిక్ భార్యకు కలకత్తా నుంచి కానుకగా వచ్చిన బందరు బట్టను కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటే, 1775లో ఆయన ఒక అధికారిని బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఆ బట్టను తెరలుగా కట్టిన మంచం ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

తర్వాత మిల్లు ప్రింట్లొచ్చాయి. 1864 ఉప్పెన బందరును ముంచేసింది. సుమారు ముప్పై వేల మంది పోయారు. పని చచ్చిపోలేదు గానీ, మా వైపు చేత్తో గీసే కలం పక్కకు జరిగి టేకు అచ్చు వచ్చింది. గీతకొక అచ్చు, ఎరుపుకొక అచ్చు, నలుపుకొక అచ్చు. ఒక అచ్చులోని కొమ్మ ఇంకో అచ్చులోని కొమ్మను కలిసే చోట వెంట్రుకవాసి తేడా వచ్చినా చెట్టు విరిగినట్టుంటుంది. దుప్పటి కొనేటప్పుడు పువ్వుల్ని వదిలేసి ముందు ఆ అతుకు చూడండి.