చివరి 117 సెకన్లు

కామ్రేడ్స్ పరుగు కోడికూతతో మొదలవుతుంది. కూసేది కోడి కాదు, మనిషి. 1948లో మ్యాక్స్ ట్రింబోర్న్ అనే ఆయన పరుగు మొదలయ్యే చోట ఉండబట్టలేక కోడిలా కూశాడు. అది అందరికీ నచ్చేసింది. తర్వాత ఆ కూతను రికార్డు చేసి ఏటా వినిపించడం ఆనవాయితీ అయింది. 1989 మే 31న, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో, ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఆ కూత విని కదిలిన వేలమందిలో వాలీ హేవర్డ్ ఒకరు. ఇంకో నలభై రోజులు గడిస్తే ఆయనకు 81 నిండుతాయి.

వెళ్లాల్సింది సముద్రం ఒడ్డున ఉన్న డర్బన్‌కు. దూరం సుమారు 90 కిలోమీటర్లు. రుద్రంగిలో బయల్దేరి చందుర్తి, వేములవాడ, సిరిసిల్ల మీదుగా సిద్దిపేట దాకా పరుగెత్తితే ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది. అప్పటి నియమం ప్రకారం గడువు 11 గంటలు. గడువు తీరగానే తుపాకీ పేలుతుంది. ఆ తర్వాత ఒక్క సెకను ఆలస్యంగా వచ్చినా పరుగెత్తినట్టు లెక్కలోకి రాదు, పతకం ఉండదు. ఇంత కఠినమేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. కానీ ఆ పరుగుకు జనం కట్టుబడింది ఆ కఠినత్వానికేనని నాకనిపిస్తుంది.

హేవర్డ్‌కు ఈ దారి కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫమ్ 1921లో ఈ పరుగు మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1930లో, 21 ఏళ్ల హేవర్డ్ తొలిసారి దిగి గెలిచేశాడు. రెండోవాడికీ ఆయనకూ తేడా 37 సెకన్లు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈ పరుగు వైపే రాలేదు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం కూడా వచ్చిపోయింది. 1950లో, నలభై దాటాక తిరిగొచ్చి మళ్లీ గెలిచాడు. 1951, 1953, 1954లలోనూ ఆయనదే గెలుపు. 1952లో ఎందుకు లేడంటే, ఆ ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్ మారథాన్‌కు వెళ్లాడు. అక్కడ పదో స్థానం వచ్చింది. 1953లో ఇంగ్లండ్ వెళ్లి, ఒక ట్రాక్ మీద 24 గంటలు గిరగిరా తిరిగి 159 మైళ్లు దాటాడు.

మరుసటేడు 45 ఏళ్ల వయసులో అయిదోసారి కామ్రేడ్స్ గెలిచాడో లేదో, క్రీడాసంఘం ఆయన్ను పక్కన పెట్టింది. విదేశీ ప్రయాణానికి జనం చందాలు వేస్తే తీసుకున్నాడట. కాబట్టి డబ్బు కోసం పరుగెత్తేవాడి కింద లెక్కట! దాదాపు ఇరవై ఏళ్లు ఆ ముద్ర పోలేదు. ఒక మనిషి కాళ్లలో సత్తువ ఉన్న కాలాన్ని కాగితాలు అలా తినేశాయి.

1988లో, 79 ఏళ్ల వయసులో మళ్లీ కామ్రేడ్స్‌కు వచ్చాడు. ఈ పరుగు ఒక ఏడు డర్బన్ నుంచి పైకి, ఒక ఏడు డర్బన్‌కు కిందికి సాగుతుంది. ఆ ఏడాది పైకి. 9 గంటల 44 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేశాడు. పరుగు ముగించినవాళ్లలో సగంమంది ఆయన వెనకే ఉన్నారు. మనవళ్ల వయసువాళ్లు ఆయన వీపు చూస్తూ పరుగెత్తారన్న మాట.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేదో! ఆగలేదు.

1989లో కిందికి పరుగు. వినడానికి దిగుడు దారి హాయిగా ఉంటుంది. అసలు కష్టం అందులోనే ఉంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ ఒంటిని పైకి తోస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, పడిపోకుండా ఒంటి బరువును ఆపాలి. కండరంలోని సన్నటి పోగులు తెగేది ఎక్కువగా ఇలా సాగుతూ బరువు మోసినప్పుడే. అడుగడుగునా మోకాలి చిప్ప మీద దెబ్బ పడుతుంది. కుర్రాడికైతే కొన్నాళ్లలో ఆ పోగులు అతుక్కుంటాయి. ఎనభై ఏళ్లవాడి ఒంట్లో కండ ముందే తగ్గి ఉంటుంది. మడమ వెనక స్నాయువు బిగిసి ఉంటుంది. తెగినది మానడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. కొండగట్టుకు హనుమాన్ మాలతో కాలినడకన వెళ్లే పెద్దవాళ్లను అడగండి, మెట్లు ఎక్కడం కన్నా దిగడమే నొప్పి అంటారు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ సముద్రానికి ఆరువందల మీటర్ల ఎత్తున ఉంది. కానీ దారి నేరుగా జారిపోదు. మొదటి సగమంతా గుట్టలెక్కి దిగడమే. ఇంచాంగా, బోథాస్ హిల్ దాటాక అసలు దిగుడు మొదలవుతుంది. పైన్‌టౌన్ వైపు ఫీల్డ్స్ హిల్ మూడు కిలోమీటర్ల పాటు కిందికి లాగుతుంది. అప్పటికే అరవై కిలోమీటర్లు పరుగెత్తిన తొడలు అక్కడ మాట వినడం మానేస్తాయి. ఆ తర్వాత కౌవీస్ హిల్. ముందటేడు గంటకు పైగా మిగుల్చుకున్న మనిషి చేతిలో ఈసారి నిమిషాలు కరిగిపోతున్నాయి.

డర్బన్ దగ్గరపడే కొద్దీ దారి కేటో మేనర్ చాయల్లో పోతుంది. ఒకప్పుడు భారతీయులు కూరగాయలు పండించుకుంటూ బతికిన చోటు అది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ వచ్చింది మొదలు 1911 దాకా చెరకు తోటల్లో పనికి లక్షన్నర మందిని తీసుకొచ్చారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషనూ పండుగలనూ నిలబెట్టుకున్నారు. వాళ్ల ఊళ్ల మీదుగానే ఏటా పరుగు సాగేది. కానీ పరుగెత్తే హక్కు 1975 దాకా తెల్ల మగవాళ్లకే. నల్లవాళ్లు, భారతీయులు, ఆడవాళ్లు దారి పక్క నిలబడి చూడాల్సిందే. రాబర్ట్ మ్షాలీ అనే నల్లజాతీయుడు 1935లోనే అనుమతి లేకుండా పరుగెత్తి పూర్తిచేశాడు, పతకం మాత్రం ఇవ్వలేదు. హేవర్డ్ గెలిచిన అయిదు పరుగులూ ఆ కాలానివే. ఆయన గొప్పతనం తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. కానీ చెప్పకుండా ఈ కథ చెబితే సగమే చెప్పినట్టు.

1989లో ఆ లెక్క కూడా మారింది. శామ్ షబలాలా 5 గంటల 35 నిమిషాల 51 సెకన్లలో మొదటివాడిగా వచ్చాడు. కామ్రేడ్స్ గెలిచిన తొలి నల్లజాతీయుడు ఆయనే. ఆడవాళ్లలో ఫ్రిత్ వాన్ డెర్ మెర్వే 5 గంటల 54 నిమిషాల 43 సెకన్లకు వచ్చింది. ఆడామగా కలిపి చూసినా ఆమెది పదిహేనో స్థానం. ఏ ఇతర ఏడాదైనా పత్రికలు ఈ ఇద్దరితోనే నిండిపోయేవి.

కింగ్స్‌మీడ్ స్టేడియంలో జనం మాత్రం ఇంకా గడియారం వైపే చూస్తున్నారు. షబలాలా వచ్చి అయిదు గంటలు దాటింది. పది గంటల యాభై నిమిషాలు. యాభై అయిదు. ఇలాంటి వేళ స్టేడియంలో అందరూ ఒకే పక్షం, ఎవరు గెలవాలన్న పోటీ ఉండదు. గేటు దగ్గర తూలుతూ ముసలాయన కనిపించాడు. అది పరుగు అనలేం, నడక అని కూడా అనలేం. ముందుకు పడిపోకుండా ఒక్కో కాలు తీసి వేయడం. గడ్డి మీద ఆ చివరి కొన్ని వందల మీటర్లు ఎంతసేపు పట్టాయో ఎవరూ కొలవలేదు. గీత దాటేసరికి గడియారంలో 10 గంటల 58 నిమిషాల 3 సెకన్లు. తుపాకీ పేలడానికి ఒక నిమిషం 57 సెకన్లు మిగిలాయి.

ఆయన మళ్లీ కామ్రేడ్స్ పరుగెత్తలేదు. 2006 ఏప్రిల్‌లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

దక్షిణాఫ్రికాలో ఈనాటికీ వాలీ హేవర్డ్ అనగానే ఆ 117 సెకన్ల సంగతే చెప్పుకుంటారు. నా ఓటు మాత్రం 1988కే. 79 ఏళ్ల మనిషి తన ఒంటిని ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో తెలిసి, గంటకు పైగా మిగుల్చుకుని, తన కాళ్ల మీద నిలబడి ముగించిన పరుగు అది. అందులో కన్నీళ్లు లేవు కాబట్టి సినిమా కుదరదు. పతకాల పట్టీకి మాత్రం ఈ తేడా పట్టలేదు. ఏడున్నర గంటలు దాటి 11 గంటల లోపు ముగిస్తే ఎవరికైనా అప్పట్లో కంచు పతకమే. ఆ రెండేళ్లకూ ఆయనకిచ్చింది అదే.