షిఫ్టర్–వెనుక డిరైలర్ పొందిక
గేర్ల సైకిల్లో హ్యాండిల్‌పై ఉండే షిఫ్టర్ కేబుల్‌ను లాగితే, వెనుక డిరైలర్ చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరుపుతుంది. షిమానో 1984లో డ్యూరా-ఏస్ శ్రేణిలో తెచ్చిన ఇండెక్స్ విధానంలో ప్రతి గేరుకూ ఒక క్లిక్ ఉంటుంది. క్లిక్‌కు లాగే కేబుల్ పొడవును డిరైలర్ నిష్పత్తితో హెచ్చవేస్తే పక్కపక్క చక్రాల మధ్య దూరం రావాలి. షిమానో 8 స్పీడులో ఇది సుమారు 2.8 మి.మీ. × 1.7 = 4.8 మి.మీ.

క్లిక్కుల లెక్క షిఫ్టర్‌దే, డిరైలర్ నిష్పత్తి ఒకటే కాబట్టి షిమానో 7, 8, 9 స్పీడు డిరైలర్లు చాలావరకు ఒకదాని బదులు మరొకటి పనిచేస్తాయి. పాత భాగాలతో చవకగా సైకిల్ కూర్చేవారికి ఇది వెసులుబాటు. షిమానో 10 స్పీడు మౌంటెన్ బైక్ డిరైలర్లు, స్రామ్ 1:1 డిరైలర్ల నిష్పత్తి వేరు కాబట్టి అవి షిమానో 7, 8, 9 స్పీడు షిఫ్టర్లతో కుదరవు. క్లిక్కులు లేని ఫ్రిక్షన్ షిఫ్టర్‌తో దాదాపు ఏ కేబుల్ డిరైలరైనా నడుస్తుంది. డిరైలర్ మోయగల అతిపెద్ద చక్రం పళ్ల సంఖ్యను విడిగా సరిచూసుకోవాలి.