5 అడుగుల నుంచి 12 అడుగులకి: గుర్రం గది పెరిగిన కథ

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది. పాత బార్న్ లోపలే, తక్కువ ఖర్చులో, సొంత చేతులతో గుర్రాలకి గదులు కట్టుకోవడం ఇక్కడ మామూలే. ఇదేదో కొత్త సరదా అనిపిస్తుంది గానీ, దీని వెనక వందేళ్ల కథ ఉంది.

మనం రోజూ కారులో తిరిగే ప్రెస్టన్ రోడ్డు, ఒకప్పుడు పశువుల మందలు ఉత్తరానికి నడిచిన షానీ ట్రెయిల్ దారి. 1902లో రైలు వచ్చింది. పక్కనున్న లెబనాన్ ఊరివాళ్లు కొందరు ఇళ్లనే దొర్లించుకుంటూ పట్టాల దగ్గరికి తెచ్చుకున్నారు. 1904లో రైలు కంపెనీ పేరే ఊరి పేరైంది. చుట్టూ నల్లరేగడి, పత్తి. గుంటూరు, ఆదిలాబాద్ వాళ్లకి ఈ మట్టి గురించి నేను చెప్పక్కర్లేదు. దాన్ని దున్నింది గుర్రాలు, కంచర గాడిదలు.

ఆ కాలపు అమెరికాలో పనిచేసే గుర్రానికి ఇచ్చే చోటు సుమారు 5 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు. ముందు మేత తొట్టి, తల తాడుతో దానికే కట్టేయడం. వెనక్కి తిరిగే వీలు కూడా లేదు. పగలంతా పొలంలో నడిచేది కాబట్టి ఆ ఇరుకు రాత్రికే అనుకునేవారు. మన ఊళ్లలో జట్కా గుర్రాన్ని కట్టేసిన పద్ధతీ దాదాపు ఇంతే. అక్కడా ఇక్కడా గుర్రాన్ని ఆపింది గోడ కాదు, తాడు.

తర్వాత ట్రాక్టరు వచ్చింది. 1917లో ఫోర్డ్‌సన్ తయారీ మొదలైంది, 1924లో ఫార్మాల్ వచ్చింది. ఫార్మాల్ సాళ్ల మధ్య కూడా నడవగలదు, అంటే పత్తి చేలోకీ వెళ్లగలదు. 1910ల చివర అమెరికాలో గుర్రాలు, కంచర గాడిదలు కలిపి సుమారు 2.6 కోట్లు. 1960 నాటికి మిగిలినవి 30 లక్షలు. బార్న్‌లు ఖాళీ అయ్యాయి, వాటిలో ట్రాక్టర్లూ గడ్డి మోపులూ చేరాయి.

గుర్రం మళ్లీ బార్న్‌లోకి వచ్చింది గానీ, ఈసారి పనికి కాదు, స్వారీకి. రోజులో ఎక్కువ గంటలు ఖాళీగా నిలబడే జంతువుకి కట్టేసే చోటు సరిపోదు. అది తాడు లేకుండా తిరగాలి, రోజూ కాసేపు పడుకోవాలి, లేవడానికి కాళ్లు చాపుకోవాలి. గోడకి ఇరుక్కుని లేవలేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇప్పుడు 12 అడుగులకి 12 అడుగుల గది మామూలు లెక్క. పని పోయాక గుర్రానికి గది పెరిగింది.

పాత బార్న్‌లో చవగ్గా కట్టే కిటుకు కూడా ఇక్కడే ఉంది. కప్పు, స్తంభాలు ఎలాగూ ఉన్నాయి. పాత కట్టేసే చోట్లు రెండింటి మధ్య అడ్డు తీసేస్తే 10 అడుగుల గది వస్తుంది, చిన్న గుర్రానికి చాలు. మూడు కలిపితే 15. ఏమీ లేని ఖాళీ బార్న్ అయితే, ఉన్న స్తంభాల మధ్యే పలకలు దించుకోవచ్చు. స్తంభానికి రెండు బద్దెలు కొట్టి, వాటి మధ్య గాడిలోకి పలకలు జారవిడిస్తే మేకుల పని తగ్గుతుంది. గుర్రం ఈనేటప్పుడు పలకలు పైకి లాగేస్తే రెండు గదులు ఒకటవుతాయి.

నా పని సూపర్‌విజన్ కాబట్టి ఒక మాట. ఆదా ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో తెలిసుండాలి. గుర్రం 450, 500 కిలోలుంటుంది, తన్నితే పల్చటి ప్లైవుడ్ నిలవదు. కింద 4 అడుగుల వరకూ ఒకటిన్నర అంగుళం మందం పలక కావాలి. దాన్ని గుర్రం ఉండే వైపే బిగించాలి. అప్పుడు తన్నినా పలక స్తంభానికే ఆనుకుంటుంది. అవతలి వైపు కొడితే ప్రతి తన్నుకీ మేకు ఊడుతూ వస్తుంది. ఆ పైన గాలి ఆడే ఊచలు పెట్టాలి, వాటి సందులో డెక్క దూరకూడదు. మొత్తం మూసేస్తే మూత్రం ఘాటు లోపలే నిలిచి ఊపిరితిత్తులు పాడవుతాయి. నేల మీద రేగడి తీసేసి, రాతిపొడి దిమ్మిస చేసి, పైన రబ్బరు మ్యాట్ వేయాలి. పరుపుకి వడ్రంగి షాపు రంపపు పొట్టు ఊరికే వస్తుంది కదా అని తేవద్దు. అందులో నల్ల వాల్‌నట్ కలిస్తే గుర్రం డెక్కల లోపల వాపు వస్తుంది. కరెంటు వైర్లు పైపులోనే లాగాలి, గడ్డి వేరే చోట పెడితే ఇంకా మంచిది. బార్న్‌కి నిప్పంటుకుంటే మూసిన గదిలోని గుర్రం తనంతట తాను బయటపడలేదు.

1990లో ఫ్రిస్కో జనాభా 6 వేల చిల్లర, 2020లో 2 లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో మనమూ ఉన్నాం. పత్తి చేలు, బార్న్‌లు ఉన్నచోట మన ఇళ్లు లేచాయి. గుర్రాలు ఉత్తరాన ఆబ్రే, పైలట్ పాయింట్ వైపు ఉన్నాయి. అటు వెళ్లినప్పుడు పాత బార్న్ కనిపిస్తే లోపలి స్తంభాల మీద ఓ కన్నేయండి. తాడు రాసుకున్న గుర్తూ, కొత్త పలకా ఒకే స్తంభం మీద కనిపించొచ్చు. కూలీగా బతికిన గుర్రం ఇంట్లో మనిషి అయిన సంగతి ఆ స్తంభమే చెబుతుంది.