మన్యమున ముఠాదారీ యేర్పాటు

అరకులోయ మొదలు గూడెము, రంపలవఱకు వ్యాపించిన తూర్పుకనుమల చరిత్రమును బరిశీలించువారికి 'ముఠా' యను మాట తఱచుగా నెదురగును. ముఠా యనఁగాఁ గొన్ని గ్రామముల సముదాయము. దాని యేలిక ముఠాదారు. 'కట్టుబడి' యను నిర్ణీతపు పైకమును బైవారికిఁ జెల్లించుటయు, తన సీమయందు శాంతిని గాపాడుటయు, అలజడి పుట్టినచో ముందుగా వార్త నందించుటయు వాని విధులు. పన్ను రాఁబట్టువాఁడును, కావలివాఁడును, వార్తాహరుఁడును నొక్కఁడే యగుట గమనింపఁదగినది.

వ్యాకరణమునఁ బ్రేరణక్రియకుఁ జేయించు ప్రయోజకుఁడును, జేయు ప్రయోజ్యుఁడును నని కర్త లిరువురు. 'కలెక్టరు ముఠాదారుచేతఁ బైకము గట్టించెను' అను వాక్యమువలనఁ బైకము చేరినదని తెలియును. ముఠాదారు దాని నెవరియొద్ద, నెంత, యేవిధమున గ్రహించెనో తెలియదు. వైయాకరణునకు లోకమెల్ల వ్యాకరణమే యని మిత్రులు పరిహసింతురు గాక, మన్యపు పరిపాలనము చిరకాల మిట్టి వాక్యముగానే నడచినది.

గంజాము, విశాఖపట్టణ మండలముల యలజళ్లను విచారింప 1832లో నియుక్తుఁడైన రస్సెలుదొర సూచనల ననుసరించి 1839లో 24వ చట్టము పుట్టెను. దానివలన నా మండలముల కొండసీమలు సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తొలఁగి, గవర్నరుయొక్క యేజంటను పేరఁ గలెక్టరునకు లోఁబడెను. చలిజ్వరమునకు వెఱచి యధికారులు కొండ లెక్కుట యరుదు. కావునఁ బైనుండి చూచువారికి గుఱుతులు రెండే మిగిలెను: కట్టుబడి చేరినదా? సీమ యడఁగియున్నదా? 1837లో ప్రభుత్వము గొలుగొండ జమీనును వేలమునఁ గొన్నపిమ్మట 1845 మొదలు 1848 వఱకును, మరల 1857, 58లలోను నచ్చటఁ దిరుగుబాటులు చెలరేఁగినను, చూచుపద్ధతి మాఱలేదు.

గోదావరి మండలములోని రంప యీ చట్టములోఁ జేరలేదు. అచట ముఠాదారులపై మన్సబుదారుఁ డొకఁడు. 1848లో ముఠాదారు లేఁటికి వేయి రూపాయల నీయ నొడంబడి యాతని నంగీకరించిరి. ఆతఁడు క్రమముగా నా మితిని దాఁటెను. తుదకు ఆబ్కారి నిబంధనలు మాఱఁగా, ఇంటివాడుకకు గీచుకొను కల్లుపైఁ గూడఁ జిగురుపన్ను పడెను. మైదానపు వర్తకులు మోసపు పత్రములు వ్రాయించుకొని, న్యాయస్థానముల డిక్రీలతోఁ గొండవారి పశువులను జప్తుచేయించిరి. క్రిందితరగతి రక్షకభటులు లంచములు గుంజిరి. కోయలు, కొండరెడ్లు ఎవరితో మొఱపెట్టుకొనఁగలరు? ప్రభుత్వమునకుఁ గన్నయినవాఁడే వారిని బాధించు చేయి.

మైదానమునఁ 'బితూరి' యనఁగా ఫిర్యాదు, మన్యమునఁ దిరుగుబాటు. ఈ యర్థభేదమును నిఘంటుకారులు రెండు పంక్తులలో ముగింతురు గాని, దీనియందుఁ గొంత చరిత్ర మిమిడియున్నది. మొదటి యర్థమునకు దారిలేనిచోట రెండవది పుట్టును. 1879 మార్చిలో రంపలో లేచిన పితూరి గొలుగొండకును, భద్రాచలము తాలూకా రేకపల్లికిని బ్రాఁకెను. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర దాని నాయకులలోఁ బ్రసిద్ధులు. దాని నణఁచుటకు సేనలు రావలసివచ్చెను. అప్పుడుగాని రివిన్యూబోర్డు సభ్యుఁడు సలివనుదొర వచ్చి, కొండవారిని బ్రశ్నించి, మన్సబుదారుని దుష్పాలనమే మూలమని తేల్చుట జరగలేదు. తనిఖీ చేయవలసినవారు చేయని తనిఖీని బితూరియే చేసినది.

పిదప మన్సబు రద్దయ్యెను. ముఠాదారులకు నేరుగా సన్నదు లొసఁగఁబడెను. ఇది కొంత మేలే. అయినను దొలఁగినది నడిమివాఁడు మాత్రమే. వసూలు, కావలి, వార్త యను మూఁడును మరల నొక్కచేతనే యుండెను. 1882 నాఁటి యడవిచట్టము పోడునకు హద్దులు విధించినప్పుడును, గూడెపుసీమ బాటపనిలోఁ గూలి సరిగా ముట్టనప్పుడును, ఆ దుఃఖము పైకెక్కు మెట్లు లేవు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి యాయుధములను గొనిపోయెను. ఆయన ముఖ్యానుచరుఁడగు గాము గంటందొర పూర్వము గ్రామమునసబు. ప్రభుత్వమునకు వార్త నందింపవలసిన కొలువులో నుండినవాఁడే పితూరిలోఁ జేరెను.

1969 నాఁటి 2వ రెగ్యులేషనువలన ముఠాలు రద్దయి, భూములు రైతువారీలోనికి వచ్చెను. 2022 ఏప్రిల్ 4న బాడేరు ముఖ్యస్థానముగా నల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడఁగా, అరకువారి కలెక్టరు కచేరి సముద్రతీరమును విడిచి కొండ యెక్కినది.