పాఠాన్ని టైపు కొట్టినవాళ్లు

అకౌంటెన్సీ మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నంతసేపూ వినికిడి లేని విద్యార్థికి పాఠం ఆగిపోయినట్టే. పెదవులు కనబడవు. ఆయన ఇటు తిరిగాక పెదవులే చూస్తూ కూర్చుంటే నోట్సు రాసుకోవడం కుదరదు. తల వంచి రాసుకుంటే తరవాతి వాక్యం పోతుంది. చెన్నై సౌకార్‌పేట తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొట్లో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఇన్ని భాషలనూ పెదవుల మీదే చదవాలంటే ఎంత కష్టం!

ఈ చిక్కుకు ఒక మంచి దారి అమెరికాలోని రోచెస్టర్‌లో దొరికింది. బధిరుల కోసం కాలేజీ 1864లోనే వాషింగ్టన్‌లో వచ్చింది, అదే నేటి గాలడెట్ విశ్వవిద్యాలయం. 1965 చట్టంతో పుట్టిన బధిరుల జాతీయ సాంకేతిక సంస్థను మాత్రం రోచెస్టర్‌లో మామూలు విద్యాసంస్థ ప్రాంగణంలోనే పెట్టారు. 1968లో మొదటి విద్యార్థులు చేరారు. వినగలిగేవాళ్ల పక్కనే కూర్చుని చదవాలి. పాఠాన్ని సైగల్లో చెప్పే దుబాసీలు వచ్చారు, నోట్సు రాసిపెట్టేవాళ్లూ వచ్చారు. కానీ సైగభాష రానివాళ్లు, మధ్యలో వినికిడి పోయినవాళ్లు ఏం చెయ్యాలి? వాళ్లకు అక్షరం కావాలి, అదీ అప్పటికప్పుడు.

1980ల మొదట్లో అక్కడ కోర్టు స్టెనో యంత్రాన్ని తరగతిలోకి తెచ్చారు. పని చేసింది. అయితే ఆ యంత్రం మీద చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది, అలాంటివాళ్ల జీతమూ ఎక్కువే. 1990 ప్రాంతంలో మైకేల్ స్టిన్సన్, ఆయన సహచరులు మామూలు ల్యాప్‌టాప్‌తోనే పని జరిగే పద్ధతి మొదలుపెట్టారు. దాని పేరు సి-ప్రింట్.

ఉపన్యాసం నిమిషానికి దాదాపు 150 మాటల వేగంతో సాగుతుంది. తమిళనాడు టైపురైటింగ్ పరీక్షలో ఇంగ్లీషు సీనియర్ గ్రేడుకు 45 చాలు. ఆ తేడాను రెండు ఉపాయాలతో పూడ్చారు. మొదటిది, మాట వినిపించే తీరును బట్టి కొన్ని అక్షరాలే కొడితే సాఫ్ట్‌వేర్ పూర్తి మాట వేస్తుంది. రెండోది నాకు ఇంకా గొప్పగా తోస్తుంది: మాటకు మాట కాకుండా భావానికి భావం కొట్టడం. మాస్టారు తంగసాలై వీధి చీరల కొట్టును ఉదాహరణగా తీసుకుని, మిగిలిపోయిన సరుకు గురించి ఐదు వాక్యాలు చెప్పారనుకోండి. తెర మీద పడేది ఇంతే: ‘సరుకు విలువ: కొన్న ఖర్చు, అమ్మితే చేతికొచ్చేది, రెండింట్లో ఏది తక్కువైతే అది.’ వెనక బెంచీ ప్రశ్నా పడాలి, జోకూ పడాలి. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియకుండా కూర్చోవడం కన్నా ఒంటరితనం ఏముంటుంది? క్లాసు అయ్యాక ఆ రాతంతా నోట్సుగా చేతికొస్తుంది.

చెన్నైలో ప్రెసిడెన్సీ కాలేజీ, అడయారు సెయింట్ లూయీస్ కాలేజీ వినికిడి లేనివాళ్లకోసమే డిగ్రీ కోర్సులు నడుపుతున్నాయి. మంచిదే. కానీ కోరుకున్న కోర్సు అక్కడ లేకపోతే? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంటోంది. సీటు దొరికినా పాఠం అందితేనే కదా చదువు!

2019లో గూగుల్ తెచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ మాటల్ని ఫోను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. అది 70కి పైగా భాషలతో వచ్చింది. దాన్ని వాడుకోవాల్సిందే. అయితే సగం తమిళం, సగం ఇంగ్లీషు కలిపి చెప్పే పాఠానికి, ఫ్యాను చప్పుడు, బయట హారన్లు తోడైతే, యంత్రం తడబడుతుంది. వినే మనిషి అర్థం పట్టుకుంటాడు.

హైకోర్టు, ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల టైపు నేర్చిన చేతులకు కొదవ లేదు. ఆడియప్ప నాయకన్ వీధిలో మన ఆర్యవైశ్యులు ఆడపిల్లల కోసం నిలబెట్టిన కన్యకా పరమేశ్వరి కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీలు సీనియర్ గ్రేడు పాసైనవాళ్లను ఒకరిద్దరిని తీసుకుని, పాఠంలో వచ్చే సాంకేతిక పదాల జాబితా ముందురోజే చేతికిచ్చి, విద్యార్థి ముందు ఒక తెర పెట్టి, ఒక్క సెమిస్టర్ నడిపి చూడాలని నా కోరిక.